చిన్నత్త మచ్చలూ మామ్మ మచ్చలూ

ఒరేయ్ చిన్నోడా, అమ్మలూ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకటే గోల కదా, చిన్నత్త తలలోనూ మచ్చలే మామ్మ తలలోనూ మచ్చలే, మరి చిన్నత్తకే ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) అన్నారేంటి తాతయ్యా అని. మన లంకలో సిగ్నల్ సంగతి తెలిసిందేగా, సగం మాట్లాడేసరికి కట్ అయిపోద్ది, అందుకే కూర్చుని రాస్తన్నాను. నేను డాక్టర్ని కాదు, చేలో మచ్చలు చూసుకుంటా బతికినోణ్ణి, కాకపోతే ఈ ఏడాదంతా కాకినాడ తిరిగి ఆ నరాల డాక్టరు గారిని ప్రశ్నలతో చంపేశాన్లే.

నరాల మీద మైలిన్ అని పొర ఉంటది. ఎంఎస్ అంటే రోగాల మీద కొట్లాడాల్సిన మన ఒంట్లో కాపలాయే దారి తప్పి మెదడులో, వెన్నుపాములో ఆ పొర మీద పడతది, పడిన చోట మచ్చ కడతది. 1868లో పారిస్‌లో షార్కో అనే ఆయన చనిపోయినవాళ్ల మెదళ్లు కోసి చూసి ఈ మచ్చలకీ జబ్బుకీ ముడి పెట్టాడు. ఇప్పుడు ఎమ్మారైలో బతికున్నప్పుడే కనపడతాయి, అది ఎక్స్‌రే కాదర్రా, పెద్ద అయస్కాంతం, అందుకే లోపలికెళ్లే ముందు మామ్మని పుస్తెలతాడు తీయమన్నారు, ఇక చూస్కోండి ఏడుపు, చివరికి పసుపు కొమ్ము దారానికి కట్టి మెళ్లో వేస్తే గానీ బల్ల ఎక్కలేదు.

మామ్మకి తలనొప్పని తీయిస్తే రిపోర్టులో "తెల్ల మచ్చలు, డీమైలినేషన్ కావచ్చు" (అంటే ఆ మైలిన్ పొర దెబ్బతిని ఉండొచ్చు) అని ఒక ముక్క రాసి పడేశారు. అప్పటికే చిన్నత్త ఎంఎస్‌తో ఉంది, ఇది కూడానా అని రెండు వారాలు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ ఒక్క ముక్క రాసినాయన మామ్మ వయసూ బీపీ అడిగుంటే పోయేది.

వరి ఆకు పసుపురంగుకి తిరిగిందనగానే మందు కొట్టేస్తామా? సుడిదోమైతే చేలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండతది, దుబ్బు మొదట్లో చూస్తే పురుగు దొరుకుద్ది, జింకు లోపమైతే ఆకు మీద తుప్పు మచ్చలు. మెదడూ అంతే. మచ్చ ఉందా లేదా కాదు, ఎక్కడుంది, ఎలా పడుకుంది అని చూడాలి.

డాక్టరు గారు రెండు ఫిల్ములూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టారు. మెదడు మధ్యలో నీటి గదులుంటాయి. చిన్నత్త మచ్చలు ఆ గదుల్ని ఆనుకుని, కాలవలోంచి బోదెలు అడ్డంగా చేలోకి వెళ్తాయి చూడండి, అచ్చం అలా కోలగా నిలబడి ఉన్నాయి. వీటికి డాసన్ వేళ్లు అని పేరంట, ఎడిన్‌బరోలో డాసన్ అనే ఆయన 1916లో వీటి గురించి రాశాడు కాబట్టి. చిన్న సిరల చుట్టూ జబ్బు మొదలవుద్ది కాబట్టి సిర ఎటు పోతే మచ్చా అటే. మెదడు పైపొర పక్కన రెండు, కింద చిన్నమెదడు దగ్గర ఒకటి, వెన్నుపాములో ఇంకోటి. మామ్మవి వేరు, చిన్న చిన్న చుక్కలు, లోపల తెల్ల పదార్థంలో చల్లినట్టు, వెన్నుపాము మాత్రం శుభ్రంగా ఉంది. అవి బీపీ వల్ల సన్న రక్తనాళాలు పాడై వచ్చిన మచ్చలంట, రెండు మాత్రలు మార్చి పంపించేశారు.

ఇంకోటి నాకు బాగా నచ్చింది. చిన్నత్తకి 3 టెస్లా మిషన్లో (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత) ఒక స్పెషల్ స్కాన్ తీశారు, అందులో తెల్ల మచ్చల్లో చాలావాటి మధ్యన సన్న నల్ల గీత, కొబ్బరాకు మధ్య ఈనె ఉన్నట్టు! అది సిర. ఎంఎస్ మచ్చల్లో ఎక్కువ వాటికి ఆ ఈనె ఉంటదంట, బీపీ మచ్చల్లో తక్కువ.

అయినా అక్కడితో తేల్చలేదు. చిన్నత్తకి ముందు కన్ను మసకబారింది, ఆర్నెల్లకి కాలు తిమ్మిరి, అలా జబ్బు వేరే వేరే చోట్ల, వేరే వేరే కాలాల్లో వచ్చిందని రుజువు చూసుకున్నారు. గాడోలినియం అని ఇంజెక్షన్ ఇచ్చి తీస్తే ఒక మచ్చ వెలిగింది, మిగతావి వెలగలేదు, అంటే ఒకటి కొత్తది, అవి పాతవి. ఎన్ఎంఓ అని ఎంఎస్‌లాగే కన్నూ వెన్నూ పట్టే జబ్బొకటి ఉంది, దాంట్లో వెన్నుపాము మచ్చ సాధారణంగా మూడు పూసలు దాటి పొడుగ్గా పోద్ది, చిన్నత్తది ఒక పూస కూడా లేదు. అయినా ఎన్ఎంఓని పట్టిచ్చే ఆక్వాపోరిన్ యాంటీబాడీ రక్తపరీక్ష చేయించి లేదని తేలాకే మందు మొదలెట్టారు, ఎందుకంటే ఎంఎస్ మందులు కొన్ని ఎన్ఎంఓ వాళ్లకి ఇస్తే జబ్బు ఇంకా ముదురుద్దంట.

చిన్నోడా, నువ్వడిగావు కదా కంప్యూటరే చెప్పేస్తది కదా అని. అది మచ్చలు లెక్కపెడతదేమో గానీ, మీ చిన్నత్త కన్ను తిప్పితే నొప్పి అని చెప్పిన మాట ఆ ఫిల్ములో లేదుగా.

పాత ఫిల్ములు పారేయొద్దన్నారు, మళ్లీ తీసినప్పుడు పక్కన పెట్టి పోల్చాలంట. కవర్లు రెండూ ఒకేలా ఉన్నాయని మీద పేర్లు రాసి అటక మీద రేకు పెట్టెలో పెట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు పొద్దున్నే వసారా కిటికీకి పెట్టి చూపిస్తాను, ఆ బోదెలు మీరే కనిపెట్టాలి.

మీ తాతయ్య