హార్డ్ డిస్కులో పరిగె

అనంతపురం,
కార్తీక మాసం

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పాప మంచి ప్రశ్న అడిగింది. అప్పుడే మీ అవ్వ పక్కన వంకాయల బేరంలో పడింది కాబట్టి నేను చెప్పింది మీకు సగమన్నా వినపడి ఉండదు. "పెద్దనాయన కంప్యూటర్లో హార్డ్ డిస్క్ చచ్చిపోయింది కదా తాతా, మరి దాంట్లోంచి ఫోటోలు తీసిస్తామని అంటున్నారంట, ఎట్లా తీస్తారు? ఆ ఫోటోలు ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అని కదా అడిగింది. మధ్యలో చిన్నోడు దూరి "క్లౌడ్లో" అన్నాడు. క్లౌడ్లో ఉంటే మీ పెద్దనాయనకు ఇంత టెన్షన్ ఎందుకురా నాయనా!

ఇక్కడ చెనక్కాయ పెరికే రోజులు. పొద్దున వాకింగ్ పోతే ఊరి బయట చేలల్లో అదే పని. కాబట్టి నేను చేను గురించే చెప్తాను, మీరు హార్డ్ డిస్కును తలుచుకోండి.

ఇది గుండ్రటి చేను. అల్యూమినియంతోనో గాజుతోనో చేసిన బిళ్ళ, దాని మీద అయస్కాంత గుణమున్న పలుచటి పూత. ఆ పూతలో ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా సాళ్ళు. సాళ్ళ నిండా కంటికి కనపడనంత చిన్న అయస్కాంతపు చుక్కలు. చుక్క ఇటు తిరిగి ఉందా, అటు తిరిగి ఉందా అన్నదే రాత. ఎనిమిది చుక్కలు ఒక బైటు, పది లక్షల బైట్లు ఒక మెగాబైటు. 5 మెగాబైట్ల ఫోటో అంటే సుమారు 4 కోట్ల చుక్కలు. చేను నిలబడి ఉండదు, గిర్రున తిరుగుతుంది. మేజా మీద పెట్టుకునే కంప్యూటర్లో మామూలుగా నిమిషానికి 7200 చుట్లు, ల్యాప్‌టాప్‌లో 5400. దాని మీదికి ఒక చిన్న చెయ్యి చాపి ఉంటుంది, కొసన హెడ్డు, చుక్కలను చదివేదీ రాసేదీ అదే. హెడ్డు నేలను తాకదు. బిళ్ళ తిరిగితే పుట్టే గాలి మీద తేలుతుంది. మధ్యన ఎడం మీ తలవెంట్రుక మందంలో కొన్ని వేలో వంతు. 1956లో ఐబీఎం వాళ్ళు తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో రెండడుగుల బిళ్ళలు 50 ఉండేవి, ఆ యంత్రం బరువు టన్ను దాకా. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. చిన్నోడు పిల్లిని ఒక్క ఫోటో తీస్తే నిండిపోయేది.

సరే, పోవడం అంటే ఏమిటో చూద్దాం. చాలాసార్లు పోయేది పంట కాదు, అడంగల్. ఎవరి నేల ఎక్కడ, అందులో ఏం వేశారు అని ఊళ్ళో అడంగల్ రాస్తారు కదా, కంప్యూటర్లోనూ అట్లాంటి పట్టిక ఒకటుంది. ఏ ఫైలు ఏ సాల్లో మొదలై ఎక్కడెక్కడికి పోయిందో అందులో ఉంటుంది. మీరు ఒక ఫోటోను డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేశారనుకోండి. కంప్యూటర్ చేలోకి పోయి ఏమీ పెరకదు. పట్టికలో ఆ వరస కొట్టేసి "ఈ నేల ఖాళీ" అని రాసుకుంటుంది, అంతే. పంట ఉన్నచోటే ఉంటుంది. డిస్కంతా ఒక్క దెబ్బన ఖాళీ చేసే క్విక్ ఫార్మాట్ కొట్టినా ఇదే కథ, పాత అడంగల్ పక్కకు పోయి కొత్త పుస్తకం వస్తుంది.

మరి ఎప్పుడు నిజంగా పోతుంది? ఖాళీ అని రాసిన నేలలో ఇంకొకరు మడక కట్టినప్పుడు. కొత్త సినిమా ఎక్కించినా, పాటలు ఎక్కించినా దున్నినట్టే. ఆఖరికి పోయినవి వెతకడానికి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేసినా దున్నినట్టే. కంప్యూటర్ ఊరికే ఆన్‌లో ఉన్నా లోపల ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. ఒక్కసారి పైన కొత్తది రాస్తే చాలు, కింద ఉన్నది ఏ మొనగాడూ తేలేడు. గడియారస్తంభం దగ్గర రేడియోలతో మొదలుపెట్టి కంప్యూటర్ల దాకా రిపేర్లు చేసినవాణ్ణి, నా దగ్గరికి వచ్చిన కేసుల్లో డిస్కు చేసిన చెడుపు కంటే మనుషుల కంగారు చేసిన చెడుపే ఎక్కువ. పోయింది అనగానే అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డవాడే తెలివైనవాడు.

అడంగల్ పూర్తిగా చెదలు తిన్నా దారి ఉంది. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అసలు పట్టికనే అడగదు. మొదటి సాలు నుంచి నడుచుకుంటూ పోతుంది. మన చేలల్లో చెనక్కాయలో కంది కలిపి వేస్తారు కదా, ఆకు చూడగానే ఇది కంది, ఇది చెనక్కాయ అని మీ అవ్వ చెప్పదూ? అట్లాగే జేపెగ్ ఫోటో ఏదైనా ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతోనే మొదలవుతుంది. అవి కనపడితే ఇక్కడ ఫోటో మొదలైంది అని పట్టుకుంటుంది. కాకపోతే పేర్లు రావు, నంబర్లు వస్తాయి. ఒక ఫోటో రెండు మూడు చోట్ల ముక్కలుగా పడి ఉంటే సగమే దొరుకుతుంది. అట్లా తీసిన పెళ్ళి ఫోటో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తే. పెళ్ళికొడుకు బాసికం దాకా, ఒక్కో పూస లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాడు. కనుబొమల కింది నుంచి అంచు దాకా అంతా ఒకే బూడిదరంగు.

ఇప్పుడు గట్టి నేల సంగతి. దీనికి నా చిన్నప్పటి కథ చెప్పక తప్పదు.

కళ్యాణదుర్గం పక్క మా ఊళ్ళో, కాయ పెరికే ముందు ఒక వాన పడితే నేల మెత్తబడి చెట్టుతో పాటు కాయంతా వచ్చేది. మన జిల్లాలో వాన పిలిస్తే వస్తుందా? నేల బిగుసుకుపోతే, చెట్టు పెరికేటప్పుడు ఊడ తెగి కాయ మట్టిలోనే నిలిచిపోయేది. రైతు బండ్లు కదిలాక ముసలివాళ్ళూ పిల్లలూ పరిగె, అంటే అట్లా నేలలో మిగిలిన కాయ, ఏరడానికి దిగేవాళ్ళు. ఎవరూ వద్దనేవాళ్ళు కాదు, అది ఊరి మర్యాద. మా అవ్వ కొంగున సంగటి ముద్ద కట్టుకుని, చేతిలో తొలిక పట్టుకుని, నన్ను వెంటేసుకుని పోయేది. నేను పిల్లవాణ్ణి కదా, ఒక గడ్డలో కాయ కనపడితే దాన్ని వదిలేవాణ్ణి కాదు, గోళ్ళతో గీరుతూ అక్కడే కూర్చునేవాణ్ణి. అవ్వ గసిరేది. "ముందు చేతికొచ్చింది ఏరుకో. గడ్డతో కొట్లాడితే గోరూ పోతుంది, పొద్దూ పోతుంది." ఏరిన సాలు కొసన ఒక రాయి పెట్టేది, మళ్ళీ దాంట్లో తిరగకుండా. మెత్తటి నేలంతా అయ్యాక, రాయి పెట్టని చోట్లకు తొలికతో తిరిగి వచ్చేది. సాయంత్రం ఎండు కట్టె వేసి అక్కడే కొన్ని కాల్చుకు తినేవాళ్ళం. ఆ మసి మూతితో ఇంటికి పోతే మా అమ్మ... సరే, అది ఇంకో ఉత్తరం.

మా అవ్వ పద్ధతినే కంప్యూటర్‌వాళ్ళు డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. అవ్వ పేరు వేయలేదు గానీ. కొంచెం కొంచెంగా చెడుతున్న డిస్కులో కొన్ని సెక్టార్లు, అంటే సాళ్ళలోని చిన్న చిన్న ముక్కలు, గట్టి గడ్డల్లా చదవడానికి రావు. మామూలు కంప్యూటర్ అక్కడే నిలబడి మళ్ళీ మళ్ళీ చదవబోయి డిస్కును ఇంకా నలుపుతుంది. ఇది అట్లా చేయదు. గడ్డ తగిలితే దాటిపోతుంది. సులువుగా వచ్చేది ముందు తెచ్చుకుంటుంది. ఎక్కడ ఏరింది, ఎక్కడ వదిలింది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, అదే రాయి. చివర్న గడ్డల దగ్గరికి వస్తుంది. ఏరినవన్నీ ఇంకో మంచి డిస్కులో అదే వరసలో పోస్తుంది. ఆ తర్వాత ఫోటోలు వెతకడం, అతకడం, ఏ పనైనా ఆ నకలు మీదనే. పాత చేలోకి మళ్ళీ కాలు పెట్టకూడదు.

మీ పెద్దనాయనది ఇంతకంటే ముదిరిన కేసు. ఆన్ చేస్తే లోపల టిక్కు, టిక్కు అంటోంది. హెడ్డు తన సాలు వెతుక్కుని దొరకక, చెయ్యి వెనక్కి పోయి మళ్ళీ వస్తోందన్నమాట. హెడ్డు నేలకు తగిలి ఉంటే ప్రతి చుట్టుకూ పూత గీరుకుపోతుంది. గుంటక దించి పచ్చని చేను మీద తోలినట్టే. అందుకే ఇంక ఆన్ చేయొద్దని గట్టిగా చెప్పాను. ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందని ఎవరో చెప్పారంట ఆయనకు. చల్లటి ఇనుము బయటికి రాగానే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ బిళ్ళ మీద కూర్చుంటే ఉన్నదీ పోతుంది. ఇట్లాంటి డిస్కును దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలోనే విప్పాలి. మన గాలిలో ఒక్క దుమ్ము రేణువు ఆ ఎడం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ అదే మోడల్ ఇంకో డిస్కు హెడ్డు తెచ్చి దీనికి పెడతారు, చదవగలిగినంత చదువుతారు.

డిస్కు కింద దాన్ని నడిపించే పచ్చ బోర్డు కాలిపోతే పక్క డిస్కు బోర్డు బిగిస్తే సరి అని చాలామంది అనుకుంటారు. పాత రోజుల్లో కుదిరేది. ఇప్పుడు ఒక్కో డిస్కుకు ఒక్కో కొలత, అది ఆ బోర్డు మీది చిన్న చిప్‌లో రాసి ఉంటుంది. ఏ గొర్రుతో విత్తారో దాని సాళ్ళ ఎడానికి సరిపోయే గుంటకే ఆ చేలో నడుస్తుంది కదా. అందుకని ఆ చిప్‌ను కూడా ఊడదీసి కొత్త బోర్డు మీద అతకాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్ళోకి వచ్చింది మీకు తెలియదు, మీరింకా పుట్టలేదు. అట్లా వరద నీళ్ళలో మునిగిన డిస్కును ఎండలో పెట్టకూడదు. ఒండ్రు బిళ్ళ మీద ఎండి అతుక్కుపోతుంది. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి రికవరీ చేసేవాళ్ళకు పంపాలి.

ఇంత చెడినా వస్తాయా అంటే, ఒకటి చెప్తాను. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగి వస్తూ ఆకాశంలోనే ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. అందులో జినాన్ అనే వాయువు మీద చేసిన ప్రయోగం వివరాలు ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయి. అంత ఎత్తు నుంచి మండుతూ పడ్డ ఆ డిస్కు కొన్ని నెలలకు అమెరికాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికింది. ఎండిన చెరువు ఎట్లా ఉంటుందో అనంతపురం వాళ్ళకు వేరే చెప్పాలా? పైన కరిగిపోయింది, లోపల మట్టి. బిళ్ళల మీద గుంటలు పడ్డాయి. కానీ చేను సగమే విత్తి ఉంది, గుంటలు పడింది విత్తని సగంలో. బిళ్ళలను కడిగి వేరే డిస్కులో బిగించి తిప్పితే 99 శాతం దాకా వచ్చేసింది. 2008లో ఆ ప్రయోగం ఫలితాలను అచ్చువేశారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి మీ అవ్వకు చెప్పడానికి వంటింట్లోకి పోయాను. "అయితే నా గ్రైండర్ కూడా బాగవుతుంది" అంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కుకు బదులు ఉండే ఎస్ఎస్‌డీలకు నా చేను కథ సరిగా నప్పదు. వాటిలో తిరిగేది ఏమీ లేదు. డిలీట్ కొట్టగానే ఈ నేల ఖాళీ అని కంప్యూటర్ దానికి కబురు చేస్తుంది, అది తీరిక చూసుకుని తనంతట తానే దున్నేసుకుంటుంది. ఫోన్లదీ దాదాపు అదే తీరు. పరిగెకు వ్యవధి ఉండదు. అందుకే రైతు ఇల్లు ఎంత చిన్నదైనా విత్తనాల కాయను విడిగా ఎత్తిపెడతాడు, ఆకలైనా ముట్టడు. మీరు కూడా ముఖ్యమైనవి ఇంకో డిస్కులో వేసి, దాన్ని మా ఇంట్లో పెట్టండి. ఆ వంకతోనైనా ఏడాదికి నాలుగుసార్లు వస్తారు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఇంట్లో అటక మీద పనికిరాని పాత హార్డ్ డిస్కు ఉండే ఉంటుంది. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదని మీ నాయనను అడిగి రూఢి చేసుకున్నాకే ముట్టుకోండి. ముందు పై మూత చూడండి, చాలావాటి మీద సూదిబెజ్జమంత రంధ్రం, దాన్ని మూయొద్దన్న హెచ్చరిక ఉంటాయి. ఆ డిస్కు ఊపిరి పీల్చేది అక్కడి నుంచే. నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్ కావాలి. స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే లేబుల్ మీద వేలితో తడమండి, కింద ఒకటి దాక్కుని ఉంటుంది. లోపలి బిళ్ళను వంచకండి, ల్యాప్‌టాప్‌దైతే గాజు కావచ్చు, పెంకులు ఎగురుతాయి. దాంట్లో మీ మొహం అద్దంలోకన్నా బాగా కనపడుతుంది. ఒక్క సాలు కూడా కనపడదు, ఎంత వెలుతురులో పెట్టినా సరే, చూడండి. మూలన రెండు అయస్కాంతాలు ఉంటాయి, వాటి మధ్య వేలు పెట్టొద్దు, నలుగుతుంది. చిన్నోడా, ముఖ్యంగా నీకే చెప్తున్నాను. తీసినవాటిని మీ అమ్మ ఫ్రిజ్‌కు అంటించకండి. ఊడదీయడానికి నేను బెంగుళూరు రాలేను.

మీ తాత