కలివి తుప్పల్ని కొట్టించకండి

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ అమ్మమ్మ దీవెనలు.

జీడితోట గట్టు మీద ముళ్ళ తుప్పలన్నీ జేసీబీ పెట్టి తీయించేస్తే ఆడుకోడానికి చోటొస్తుందని మీరు అన్నారట, అమ్మ ఫోన్లో చెప్పింది. మిగతావి తీయించుకోండి. కలివి తుప్పల జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

కలివి మన అడవి మొక్క. ఒకరు నాటక్కర్లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కొండవాలుల్లో, ఎర్రమట్టి దిబ్బల మీద, రాళ్ళ సందుల్లో దానంతటదే లేస్తుంది. ఆకు దళసరిగా, నున్నగా, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. కణుపుల దగ్గర ముళ్ళు జంటగా ఉంటాయి. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. ఎండాకాలంలో పూసే తెల్లపువ్వు ఒకటి కోసి దగ్గరగా చూడండి. అయిదు రేకులూ గాలిమరలా ఒకే పక్కకి వాలి ఉంటాయి, వాసన ఎంత కమ్మగా ఉంటుందో!

కాయ ముందు ఆకుపచ్చగా ఉండి, ఎర్రబడి, తొలకరి చినుకులు పడే రోజులకి నల్లగా నిగనిగలాడుతుంది. శనగగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. పండు నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకాలే పులుపు. పూర్తిగా పండకపోతే పాలు పెదాలకి బంకలా అంటుకుంటాయి. అందుకే బాగా నల్లబడినవే కొయ్యాలి.

వాక్కాయ దీని దగ్గరి చుట్టం. అదీ ముళ్ళ మొక్కే, కాయ పెద్దది, వానాకాలంలో బజారుకి వస్తుంది. వంట దానితోనే. కోసేముందు చేతికి కాస్త నూనె రాసుకోండి, లేకపోతే జిగురు ఓ పట్టాన వదలదు. కాయని రెండుగా చీల్చి, లోపలి గింజలు తీసి ఉప్పునీళ్ళలో వెయ్యాలి. గ్లాసుడు కందిపప్పుకి గుప్పెడు కాయలు చాలు, చింతపండు అవసరమే లేదు. పచ్చిమిరపకాయలు వేసి ఉడికించి, ఇంగువ పోపు పెడితే ఆ పప్పుకి సాటి లేదు. పులిహోర చేస్తే మన పద్ధతిలో ఆవ పెట్టి చెయ్యాలి. ఆవ ఘాటు, వాక్కాయ పులుపు కలిస్తేనే దానికి అందం. కేకు మీదా, మిఠాయి కిళ్ళీలోనూ చెర్రీ అని మీరు ఇష్టంగా ఏరుకు తింటారు చూడండి, అది చాలాసార్లు పంచదార పాకంలో ఉడికించి ఎర్రరంగు వేసిన వాక్కాయే.

ఒక్క జాగ్రత్త. పాలు కారే ప్రతి మొక్క పండూ తినేది కాదు. గన్నేరు కూడా కలివి కుటుంబమే, పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుంది. కాబట్టి తెలిసిన పెద్దవాళ్ళకి చూపించకుండా ఏ పండూ నోట్లో పెట్టొద్దు.

కలివి తుప్ప మన ఒక్కరిదే కాదు. పిగిలిపిట్టలు పళ్ళు తిని గింజల్ని ఎక్కడెక్కడో వేస్తాయి. మేకల నోటికి అందకుండా ఆ ముళ్ళ మధ్య వేరే చెట్ల మొలకలు తలదాచుకుని పెరుగుతాయి. ఉద్దానంలో, మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తుంటాయని మీకు తెలుసు కదా. చెదలూ చీమలతో పాటు ఇలాంటి అడవిపళ్ళే వాటి తిండి. అందుకని పళ్ళకి ఒంటరిగా వెళ్ళొద్దు. తెల్లారకుండా, చీకటిపడ్డాక అసలు వెళ్ళొద్దు. వెళ్ళినా తుప్పని దులిపెయ్యకుండా చేతికందినవే కోసుకోండి, పై కొమ్మలవి పిట్టలకి ఉంచండి.

మీకు ఉత్సాహం ఉంటే ఓ పని చెయ్యండి. పశువులు దూరకుండా తోట చుట్టూ ముళ్ళతీగ వేయించాలని మావయ్య అంటున్నాడు. దాని బదులు కలివీ, వాక్కాయా కంచెగా పెంచవచ్చు. బాగా పండిన పళ్ళ గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే సంచుల్లో నాటండి. దాచిపెడితే మొలకెత్తే శక్తి తొందరగా పోతుంది. మొలకలు నిదానంగా ఎదుగుతాయి, టెన్షన్ పడకండి. వచ్చే ఏడాది వానలు పడగానే గట్టు వెంట అడుగున్నర దూరంలో పాతుదాం. సంచుల్లోకి ఎర్రమట్టి, పశువుల గత్తం నేను సిద్ధం చేయించి ఉంచుతాను.

ఇట్లు
మీ అమ్మమ్మ