ముడి ధాన్యాలు, పేగు బాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

మలబద్ధకంతో నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చెప్పే మాట ఇది: "అన్నం తగ్గించి కొర్రలు తింటున్నానండీ, అయినా తేడా లేదు." పోషకాహార నిపుణురాలిగా వారిని నేను తప్పుపట్టలేను. ధాన్యం పేరు మారితే చాలన్నట్టుగా ప్రచారం సాగుతోంది మరి.

అపోహ: చిరుధాన్యం ఏదైనా ముడి ధాన్యమే.

వాస్తవం: ముడి ధాన్యమంటే తవుడు తీయని గింజ. పీచు ఎక్కువగా ఉండేది ఆ తవుడు పొరలోనే. కొర్రలు, సామలు, ఊదలకు పైనున్న ఊక తీయక తప్పదు, అది తినలేం. కానీ గింజ తెల్లగా కనబడాలని, త్వరగా ముక్కిపోకూడదని మరలో తవుడు కూడా తీసేస్తున్నారు. ఈసారి కొన్నప్పుడు కాసిని గింజలు అరచేతిలో వేసుకుని చూడండి. పాలిపోయి నున్నగా మెరుస్తుంటే పాలిష్ పట్టినవే. తవుడున్న గింజ మసకగా, కాస్త గరుకుగా ఉంటుంది. ఉడకడానికీ ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి ముందే నానబెట్టాలి.

రాగులు, జొన్నలు ఈ విషయంలో మేలు. వాటిని మామూలుగా తవుడుతోనే పిండి పట్టిస్తాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాముల పీచు ఉంటుంది. ముడి బియ్యంలో అది 4.4, పాలిష్ బియ్యంలో 2.8 గ్రాములే. అయితే రొట్టె మెత్తగా రావాలని పిండిని సన్న జల్లెడ పట్టి పొట్టు పారేసే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి పారేయకండి. మెత్తదనం కోసం మరిగే నీళ్లు పోసి పిండిని బాగా మర్దించండి.

అపోహ: పీచు చీపురులా పేగును ఊడ్చేస్తుంది.

వాస్తవం: అసలు పని అంతకంటే లోతైనది. ముతక తవుడు నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది, నిజమే. మరికొంత పీచును పెద్దపేగులోని బాక్టీరియా పులియబెట్టి కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. వాటిలో బ్యూటిరేట్ పెద్దపేగు లోపొర కణాలకు ప్రధాన ఆహారం. మేత దొరికి బాక్టీరియా పెరిగితే మలం పరిమాణమూ పెరుగుతుంది, ఎందుకంటే మలంలోని ఘనపదార్థంలో పెద్ద భాగం బాక్టీరియానే. అన్నం వండి చల్లారిస్తే అందులోని కొంత పిండిపదార్థం కూడా చిన్నపేగులో అరగకుండా వీటికి చేరుతుంది. చద్దన్నాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

అపోహ: పెరుగు తింటున్నాం, అది చాలు.

వాస్తవం: పెరుగు మంచిదే, మానకండి. కానీ అందులోని బాక్టీరియాలో చాలా వరకు పేగులో స్థిరపడవు. లోపల ఉన్నవాటికి పీచు అందాల్సిందే.

అపోహ: గ్యాస్ వచ్చిందంటే ఆ ధాన్యం నాకు పడదు.

వాస్తవం: పులిసేటప్పుడు గ్యాస్ పుట్టడం సహజం. మూడు పూటలూ ఒక్కసారిగా మార్చేస్తే ఉబ్బరం తప్పదు. ముందు ఒక పూటతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచండి. అప్పటికీ గోధుమతో ఇబ్బందిగా ఉంటే జొన్న, రాగి ప్రయత్నించండి. గోధుమలోని ఒక రకం పీచు కొందరి పేగుకు, ముఖ్యంగా ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనంలో తేడాలు తరచూ వచ్చే పేగు సమస్య) ఉన్నవారికి, పడదు.

అపోహ: రోజూ ఒకసారి విరేచనం కాకపోతే జబ్బే.

వాస్తవం: రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు మామూలే. ముక్కకుండా, నొప్పి లేకుండా అవుతోందా అన్నది చూసుకోండి.

అపోహ: ఎంత మొండి మలబద్ధకమైనా తవుడు పెంచితే పోతుంది.

వాస్తవం: ఈ నమ్మకంతో ఎక్కువ బాధపడేది ఇంట్లోని పెద్దవాళ్లే. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గిస్తారు, ఐరన్ మాత్రలు వాడుతుంటారు, నడక ఉండదు. పైనుంచి తవుడు కలిపిన జావ పెడితే పరిస్థితి బిగుసుకుంటుంది. ముందు నీళ్లు, నడక, మందుల చీటీ చూడాలి. థైరాయిడ్ లోపమూ కారణం కావచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక అలవాటు హఠాత్తుగా మారడం, వీటిలో ఏది కనిపించినా ధాన్యం మార్చి చూద్దామని ఆగకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లండి.