అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ గ్రామర్: మా పర్లాకిమిడి ట్యూషన్‌లో వినే అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తాను. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బ్యాంకు పరీక్షలకేమో ఇంగ్లీష్. వాళ్లూ వాళ్ల అమ్మానాన్నలూ అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: అడ్వాన్స్‌డ్ గ్రామర్ అంటే మనకి అస్సలు తెలీని రూల్స్.

వాస్తవం: చాలావరకు మన నోట్లో ఉన్నవే. డాంగ్లింగ్ పార్టిసిపుల్ అనగానే పిల్లలు బిగుసుకుపోతారు, "వాకింగ్ టు ద బస్టాండ్, ద రెయిన్ స్టార్టెడ్" ఎందుకు తప్పో అర్థం కాదంటారు. సరే, "బస్టాండుకి నడుస్తూ వాన మొదలైంది" అనండి చూద్దాం అంటే వెంటనే నవ్వేస్తారు, వాన నడవడమేంటి సార్ అని. అదేరా రూలు, నడిచిందెవరో కామా తర్వాత సబ్జెక్టు కూడా వాళ్లే అవ్వాలి. తెలుగులో "నేను నడుస్తుంటే" అని సర్దుకుంటాం కదా, ఇంగ్లీషులో "యాజ్ ఐ వాజ్ వాకింగ్" అని మనిషిని పెట్టేస్తే సరిపోద్ది.

అపోహ: ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించకూడదు.

వాస్తవం: 1672లో డ్రైడెన్ అనే కవి, బెన్ జాన్సన్ రాతల్లో ఇది తప్పని పట్టుకున్నాడు, ఆ గోల ఇప్పటికీ నడుస్తోంది. "హూ ఆర్ యూ టాకింగ్ టు?" శుభ్రమైన ఇంగ్లీషే. స్ప్లిట్ ఇన్ఫినిటివ్, అంటే "టు"కీ క్రియకీ మధ్య ఇంకో మాట దూర్చడం తప్పనే రూలు కూడా ఇదే బాపతు. కాకపోతే పాత గైడ్ పట్టుకుని పేపర్ దిద్దే సార్లతో వాదించకండి, పోయేది మీ మార్కులే.

అపోహ: ఇంట్లో తెలుగు మానేస్తేనే ఇంగ్లీష్ బాగుపడుద్ది.

వాస్తవం: ఈ మాటంటే నాకు ఒళ్లు మండుద్ది. "ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ వుయ్ వెంట్" అని రాసే పిల్లల్ని గమనించండి, ఒడియాలో "జదిఓ" అంటే వెనకే "తథాపి" వస్తుంది, ఆ జంట అలవాటే ఇక్కడా దూరుతుంది. "వాన పడినా వెళ్లాం" అని గుర్తుచేస్తే చాలు, "నా" ఒక్కటే ఉంది కదా, అలాగే ఆల్దో ఒక్కటే ఉండనిచ్చి బట్ కొట్టేస్తారు. ఆర్టికల్స్ (ఎ, యాన్, ద) దగ్గర మాత్రం తెలుగు చేతులెత్తేస్తుంది, మనకవి లేవు మరి. అక్కడ ఒడియా ఆదుకుంటుంది, "బొహిటా" అంటే ఫలానా ఆ పుస్తకమే, అలాంటి చోట చాలాసార్లు "ద" పడుద్ది. రెండు భాషలూ పనికొచ్చేవే, ఏదీ మానెయ్యక్కర్లేదు.

అపోహ: ముందు రూల్స్ బట్టీ, తర్వాతే మాట్లాడ్డం.

వాస్తవం: గిడుగు రామ్మూర్తి గారు మా ఊళ్లో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, అదీ సవరవాళ్ల నోట వినే. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో గానీ అచ్చవ్వలేదు. వినడం ముందు, వ్యాకరణం తర్వాత. అందుకే కండిషనల్స్ ("ఇఫ్" వాక్యాలు) టేబుల్ పదిసార్లు రాయించే బదులు, పిల్లల చేత రోజూ ఇంగ్లీష్ పేపర్లో ఒక వార్త పైకి చదివించండి, "ఇఫ్" కనపడ్డ చోటల్లా గీత పెట్టించి పక్కన "వుడ్" ఉంటే అది ఏ వైపు ఉందో చెప్పమనండి.