చార్టర్ బడుల చదువు: ఎవరితో పోల్చాలన్నదే తగాదా

అమెరికాలో ప్రభుత్వ నిధులతో బయటి యాజమాన్యాలు నడిపే చార్టర్ బడుల పిల్లలు మెరుగా, మామూలు ప్రభుత్వ బడుల పిల్లలు మెరుగా అన్న వాదన మూడు దశాబ్దాలుగా తెగడం లేదు. విచిత్రమేమిటంటే, ఈ ఆలోచనను దేశమంతటికీ పరిచయం చేసింది ఉపాధ్యాయ సంఘ నాయకుడు ఆల్బర్ట్ షాంకర్. కొత్త బోధన పద్ధతులను పరీక్షించి చూసేందుకు ఉపాధ్యాయులకే స్వేచ్ఛ ఇవ్వాలని 1988లో ఆయన వాదించారు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చార్టర్ చట్టం చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్ నగరంలో తొలి బడి తెరుచుకుంది. కొన్నేళ్లకే షాంకర్ ఈ బడులకు ఎదురుతిరిగారు.

ప్రభుత్వ నిధులు, బయటి యాజమాన్యం అనగానే మనకు ఎయిడెడ్ బడులు గుర్తొస్తాయి. అయితే చార్టర్ గడువున్న ఒప్పందం. ఫలితాలు చూపకపోతే రద్దు చేయవచ్చు. ఫీజు ఉండదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీస్తారు. ఈ లాటరీయే తర్వాత పరిశోధకుల పాలిట వరమైంది.

2004లో అదే ఉపాధ్యాయ సంఘం జాతీయ పరీక్షల మార్కులు ముందుపెట్టి, చార్టర్ పిల్లలే వెనకబడ్డారంది. అప్పటికే చదువులో వెనకబడినవారే అక్కడ చేరుతున్నారేమో చూడకుండా ఒక్క ఏడాది మార్కులతో తేల్చేస్తారా అని చార్టర్ బడుల మద్దతుదారులు మండిపడ్డారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే.

దానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో పరిశోధన కేంద్రం ఒక ఉపాయం పట్టింది. ప్రతి చార్టర్ విద్యార్థికీ పాత మార్కులు, తరగతి, జాతి, పేదరికం వంటివన్నీ సరిపోలే ప్రభుత్వ బడి పిల్లలను వెతికి జత కట్టింది. 2009 లెక్కలో గణితంలో మెరుగైన చార్టర్ బడులు 17 శాతం, అధ్వానమైనవి 37 శాతం. 2023కు సగటు తిరగబడింది: చదవడంలో 16 రోజుల బోధనకు, గణితంలో 6 రోజులకు సమానమైన ముందంజ. ఆరు రోజుల తేడాకు పండగ చేసుకోనవసరం లేదు.

పైగా పిల్లవాడి కోసం దరఖాస్తు పట్టుకుని తిరిగే తల్లిదండ్రుల పట్టుదల ఏ జతలోనూ కనిపించదు. అందుకే లాటరీ గెలిచినవారిని ఓడినవారితో పోల్చారు. ఇద్దరి ఇళ్లలోనూ ఆ పట్టుదల ఉన్నదే. బోస్టన్‌లో గెలిచిన పిల్లల మార్కులు గణనీయంగా పెరిగాయి. 15 రాష్ట్రాల్లోని 36 బడులపై 2010లో వచ్చిన అధ్యయనంలో మాత్రం సగటున తేడా లేదు; పేద పిల్లలకు గణితంలో మేలు జరిగింది, ఉన్నవారి పిల్లలు నష్టపోయారు. ఇక ఆన్‌లైన్ చార్టర్లలో గణిత నష్టం 180 రోజులని 2015లో తేలింది. అంటే ఏడాది చదువంతా!

ఇంత బలమైన బోస్టన్ ఫలితాలున్నా, చార్టర్ల సంఖ్య పెంచే ప్రతిపాదనను 2016లో ఆ నగరం ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు 62 శాతం ఓట్లతో తిరస్కరించారు. పిల్లవాడి వెంట మామూలు ప్రభుత్వ బడుల నిధులు కూడా తరలిపోతాయన్నది అక్కడ ప్రధాన వాదన.