రెడ్‌వుడ్ నీడల్లో, పచ్చిక కొండల మీద: పిల్లాపెద్దలతో హైకింగ్ అపోహలు - వాస్తవాలు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లకు గంట, గంటన్నర ప్రయాణంలోనే రెండు రకాల నడకలు దొరుకుతాయి. పడమటి వైపు శాంతాక్రూజ్ కొండల్లో, గోల్డెన్‌గేట్ వంతెన దాటాక మరిన్‌లో, ఓక్లాండ్ ఎగువన రెడ్‌వుడ్ అడవులు. తూర్పున ఫ్రీమాంట్, సునోల్, ప్లెజంటన్ దగ్గర, దక్షిణాన కూపర్టినో, లాస్ ఆల్టోస్ అంచుల్లో గడ్డి పరుచుకున్న గుండ్రటి కొండలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలకు సెలవులిచ్చినప్పుడు అందరూ తిరిగేది ఈ చోట్లే. ఇబ్బంది పడేదీ ఇక్కడే, అదీ చాలావరకు ఈ కింద రాసిన నమ్మకాల వల్లే.

అపోహ: మూడు మైళ్లే కదా, గంటలో తిరిగొచ్చేయొచ్చు.

మైళ్లు చూసి ట్రైల్ ఎంచుకోవడమే మొదటి పొరపాటు. చూడాల్సింది ఎక్కాల్సిన ఎత్తు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు చదును నేల మీద గంటకు 3 మైళ్లు నడుస్తారు. ప్రతి 1,000 అడుగుల ఎక్కుడుకూ ఇంకో అరగంట కలుపుకోవాలి. ఐదారేళ్ల పిల్లలుంటే ఈ లెక్క వదిలేసి, గంటకు ఒక మైలు అనుకోండి. వాళ్లు నడవలేక కాదు, దారిలో కనిపించిన ప్రతి పసుపుపచ్చ బనానా స్లగ్ (చిప్ప లేని నత్త) దగ్గరా ఆగుతారు. ఆగనివ్వాలి కూడా.

ఫ్రీమాంట్‌లోని మిషన్ పీక్ కొండనే తీసుకోండి. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి పైకి సుమారు 3 మైళ్లు. వినడానికి చిన్నదే. కానీ ఆ 3 మైళ్లలో ఎక్కేది 2,000 అడుగుల పైమాటే, అంటే మైలుకు దాదాపు 700 అడుగులు. మా కొలతలో మైలుకు 100 అడుగుల లోపైతే ఎవరైనా నడవగలరు. 200 వరకు పిల్లలు నిభాయించుకుంటారు. 300 దాటితే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. మోకాళ్లను బాధపెట్టేది ఎక్కడం కంటే దిగడం, ఆ సంగతి పైకి చేరాక గానీ తెలియదు.

"తిరుమల మెట్లెక్కినవాళ్లం, ఇదో లెక్కా" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్న మాట నిజమే. కానీ అక్కడ చాలా మేర నెత్తిన పైకప్పు ఉంటుంది, దారి పొడవునా మంచినీళ్లుంటాయి, అడుగు వేయడానికి మెట్టుంటుంది. మిషన్ పీక్ దారిలో నీడ దాదాపు లేదు. కాలి కింద జారే గులకరాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫ్రీమాంట్‌లోనే కొయోటీ హిల్స్‌కు వెళ్లండి. అక్కడి బే వ్యూ ట్రైల్ కొండల చుట్టూ 3 మైళ్ల పైచిలుకు తారు దారి. పడమర అంతా బే కనిపిస్తూనే ఉంటుంది. కూపర్టినో దగ్గరి రాంచో శాన్ ఆంటోనియో పార్కులో పార్కింగ్ నుంచి డీర్ హాలో ఫార్మ్‌కు సుమారు మైలు. మేకలు, కోళ్లు ఉన్న ఆ పాత పొలం దాకా వెళ్లి వచ్చేస్తే చిన్నపిల్లలకు ఆ రోజుకు చాలు.

అపోహ: వేసవి సెలవుల్లో కొండలెక్కాలి, చలికాలంలో అడవికెళ్లాలి.

సరిగ్గా తిరగేయాలి. మొత్తం ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

ఇక్కడ వర్షాలు ప్రధానంగా నవంబరు నుంచి మార్చి వరకు. గడ్డి కొండలు జనవరికల్లా పచ్చబడతాయి. మార్చి, ఏప్రిల్‌లో నారింజ రంగు పాపీలు, ఊదా రంగు లూపిన్లు పూస్తాయి. మే వచ్చేసరికి గడ్డి ఎండి బంగారు రంగుకు తిరుగుతుంది. జూలై మధ్యాహ్నం ఆ కొండల మీద 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో దాక్కోవడానికి చెట్టుండదు. రెడ్‌వుడ్‌ల సంగతి వేరు. వేసవిలో సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఆకులకు పట్టి నేల మీద చినుకుల్లా రాలుతుంది. వాన పడని నెలల్లో ఆ చెట్లను బతికించేది అదే. మరిన్‌లోని రెడ్‌వుడ్ అడవి మ్యూర్ వుడ్స్‌లో ఏడాది పొడవునా 40 నుంచి 70 డిగ్రీల మధ్యే ఉంటుంది. శాన్‌హొసేలో ఉక్కపోస్తున్న రోజున అక్కడ పిల్లలు చలికి ముడుచుకుంటారు. కారులో ఒక్కొక్కరికీ ఒక స్వెటర్ ఉండాల్సిందే.

నీళ్లు అడవిలో మనిషికి గంటకు అర లీటరు. ఎండ కొండ మీద దానికి రెట్టింపు. ట్రైల్ మొదట్లో కుళాయి ఉంటుందని నమ్ముకోకండి.

అపోహ: రెడ్‌వుడ్ అంటే మన ఎర్రచందనమే.

పేరులో ఎరుపు తప్ప చుట్టరికం లేదు. శేషాచలం కొండల ఎర్రచందనం చిక్కుడు, కానుగల కుటుంబం. దాని చేవ నీళ్లలో మునిగేంత బరువు. కోస్ట్ రెడ్‌వుడ్ దేవదారు, సైప్రస్‌ల వర్గం. కర్ర తేలిక, మెత్తన. లోకంలో అన్నిటికంటే పొడవైన చెట్టు ఈ జాతిదే. 2006లో గుర్తించిన హైపీరియన్ 115 మీటర్లు దాటింది. అది రాష్ట్రానికి ఉత్తరాన ఉంది, జనం తొక్కిడికి నేల పాడైపోవడంతో దాని దగ్గరికి వెళ్లడాన్ని నిషేధించారు. అంత ఎత్తు చెట్టుకు కాయ ఎంతుంటుందో పిల్లలను ఊహించమనండి. రేగుపండంత!

యోసెమిటీ, సెకోయా పార్కుల్లో చూసేవి కూడా ఇవి కావు. అవి జెయింట్ సెకోయాలు, సియెరా నెవాడా కొండలవి. బోదె లావులో అవి మేటి, పొడవులో ఇవి.

అపోహ: మంచి రెడ్‌వుడ్‌లు చూడాలంటే ఐదారు గంటలు ఉత్తరానికి పోవాలి.

ఫెల్టన్ ఊళ్లోని హెన్రీ కోవెల్ పార్కు చాలు. రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ 0.8 మైలు, చదును, స్ట్రోలర్ సాఫీగా వెళ్తుంది. 270 అడుగులు దాటిన చెట్లున్నాయి. కాలి డొల్లబడిన ఫ్రీమాంట్ చెట్టులోకి పిల్లలు వంగి దూరొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు, చేతికర్రతో నడిచేవాళ్లకు మేం ముందుగా చెప్పేది ఇదే. మ్యూర్ వుడ్స్‌లోనూ చెక్క బాట బాగుంటుంది. అక్కడ దారి వంతెనల లెక్కన సాగుతుంది కాబట్టి ఓపికను బట్టి రెండో వంతెన దగ్గరో, మూడో దాని దగ్గరో తిరిగేయొచ్చు. గర్న్‌విల్ దగ్గరి ఆర్మ్‌స్ట్రాంగ్‌లో 310 అడుగుల పార్సన్ జోన్స్ చెట్టు దాకా నేల చదునే. ఓక్లాండ్ ఎగువ రైన్‌హార్ట్ పార్కులోవి 19వ శతాబ్దంలో నరికేసిన అడవి మొదళ్ల నుంచి మళ్లీ చిగిర్చినవి. నరికిన మొద్దు చుట్టూ వలయంగా లేచిన చెట్ల మధ్య నిలబడి పైకి చూస్తే, పోయిన చెట్టు లావెంతో తెలుస్తుంది.

అపోహ: పాయిజన్ ఓక్ మనవాళ్లకు పట్టదు.

పడుతుంది. నిజానికి తాకితే దద్దుర్లు తెప్పించే ఈ మొక్క సంగతి మనకే బాగా అర్థం కావాలి. ఇది మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. మామిడికాయ సొన మూతికి తగిలితే పొక్కులొస్తాయి. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం చేతికంటితే తోలు లేస్తుంది. పాయిజన్ ఓక్ ఆకుల్లో, కాడల్లో ఉన్న నూనె ఆ కోవదే. మామిడి సొన పడనివాళ్లు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

గుర్తు: ఒక్కో కాడకు మూడేసి ఆకులు, నడిమిది కొంచెం పొడుగు కాడతో ఉంటుంది. వసంతంలో మెరిసే పచ్చ, వేసవి చివర ఎరుపు. ఎర్రటి ఆకులు అందంగా ఉంటాయి, పిల్లలు ఏరేది వాటినే. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలు మిగులుతాయి, నూనె వాటిలోనూ ఉంటుంది. నేల మీద పొదలా పెరుగుతుంది, చెట్టు మీదికి తీగలా కూడా పాకుతుంది. బాట పక్క కొమ్మ పట్టుకుని దిగే అలవాటు ఇక్కడ మానుకోవాలి. చీర కుచ్చెళ్లు, చున్నీ అంచులు పక్క పొదలను తుడుచుకుంటూ పోతాయి, నూనె ఇంటిదాకా వస్తుంది. చెక్క బాట మీద చీరకు ఏ ఇబ్బందీ లేదు, సన్నటి మట్టి బాటకు మాత్రం చీలమండల దాకా ఉండే ప్యాంటే మేలు.

తగిలిందనిపిస్తే వెంటనే చల్లటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో రుద్ది కడగండి. మొదటి పది, పదిహేను నిమిషాల్లో కడిగితే చాలా వరకు తప్పించుకోవచ్చు. వేడినీళ్లతో మొదలుపెట్టొద్దు. దద్దుర్లు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తేలతాయి. పొక్కుల్లోని నీరు అంటుకుంటే పాకుతుందన్నది తప్పు. ఆ నీటిలో నూనె ఉండదు. కొత్తచోట లేచాయంటే అక్కడ నూనె ఆలస్యంగా పని చేసింది, లేదా కడగని బూటు లేసుల నుంచి మళ్లీ అంటుకుంది. ముఖం వాచినా, కళ్ల దగ్గరికి వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: అరటితొక్క, పులిహోర మెతుకులు అడవిలో పడితే ఎరువే.

ఇది మనసారా చెబుతున్నాం, దయచేసి వినండి. శాంతాక్రూజ్ కొండల పాత రెడ్‌వుడ్‌ల నాచు పట్టిన కొమ్మల మీద మార్బుల్డ్ మర్లెట్ అనే చిన్న సముద్రపు పక్షి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దాని గూడు ఎక్కడుంటుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1974లో అక్కడి బిగ్ బేసిన్ పార్కులో చెట్టెక్కిన ఒక పనివాడికి కనిపించింది. మనం రాల్చిన మెతుకుల కోసం నీలం రంగు స్టెల్లర్స్ జే పక్షులు, కాకులు పోగవుతాయి. అవి పెరిగిన చోట ఆ ఒక్క గుడ్డూ మిగలదు. అందుకే ఈ పార్కుల్లో మెతుకు కూడా వదలొద్దని రేంజర్లు అడుగుతారు. పిక్నిక్ బల్ల దగ్గర కింద దుప్పటి పరిచి తినండి, లేచేటప్పుడు అంచులు మడిచి సంచిలో దులపండి. వేరుశనగ పులిహోర కంటే చపాతీ చుట్టలు నయం, తక్కువ రాలతాయి. ఉడతకు పిల్లాడు చిప్స్ వేస్తుంటే ముచ్చటపడకుండా ఆపండి.

అపోహ: అంత పెద్ద చెట్టుకు మన పాదం ఏం చేస్తుంది?

300 అడుగుల చెట్టుకు వేళ్లు పోయేది పది, పన్నెండు అడుగుల లోతుకే. అవి పక్కకు పాకి ఇరుగుపొరుగు చెట్ల వేళ్లతో అల్లుకుని నిలబెడతాయి. ఫోటో కోసం కంచె దాటి మొదలు చుట్టూ తొక్కితే నేల గట్టిపడి నీరు ఇంకదు. పెనుగాలి వీచే రోజున అడవికి వెళ్లొద్దు, ఎత్తునుంచి విరిగిన కొమ్మ ఎంత బరువుతో పడుతుందో ఆలోచించండి.

అపోహ: మంటల్లో కాలిన అడవి పోయినట్టే.

2020 ఆగస్టులో పిడుగులు రేపిన మంటల్లో బిగ్ బేసిన్ 97 శాతం కాలింది. 2022 జూలైలో కొంత భాగం మళ్లీ తెరిచారు. అడుగు మందం దాకా ఉండే బెరడు కాపాడటంతో రెడ్‌వుడ్‌లు చాలా వరకు బతికి, నల్లటి బోదెల మీద పచ్చటి చిగుళ్లు వేశాయి. నీడ మాత్రం ఇంకా తక్కువే, కాబట్టి అక్కడికి టోపీతో వెళ్లండి.

అపోహ: ఫోన్ ఉంటే చాలు.

మ్యూర్ వుడ్స్‌లో సిగ్నల్ ఉండదు. కొండల మధ్య లోయల్లోనూ చాలాచోట్ల అంతే. మ్యాప్‌ను ఇంట్లోనే ఆఫ్‌లైన్‌గా దించుకోండి. మ్యూర్ వుడ్స్‌కు 2018 జనవరి నుంచి పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, ఆ రసీదు ఫోటో తీసి ఉంచుకోండి. సిగ్నల్ లేనిచోట తిరుగుప్రయాణానికి ఊబర్ పిలవలేరు. వారాంతంలో ఉదయం ఎనిమిదిన్నరలోపు చేరకపోతే రాంచో శాన్ ఆంటోనియోలో కారు పెట్టడం కష్టం. మధ్యాహ్నం వెళ్తే చీకటి లెక్క చూసుకోండి. డిసెంబరులో సూర్యాస్తమయం ఐదు గంటల ప్రాంతంలో, లోయలో అంతకు గంట ముందే మసక. వెనుదిరగాల్సిన సమయం ముందే నిర్ణయించుకుని, చివరిదాకా చేరకపోయినా ఆ సమయానికి తిరిగేయండి.

అపోహ: భయపడాల్సింది పాములకే.

రాటిల్‌స్నేక్‌లు ఎండ కాచే రాళ్ల దగ్గర ఉంటాయి. చేయి పెట్టే ముందు చూడండి, కనిపిస్తే దూరంగా ఆగి పోనివ్వండి. ప్రతిసారీ తోక ఆడించి హెచ్చరిస్తుందని అనుకోకండి. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం, ఐసు పెట్టడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, మనిషిని కదలకుండా కూర్చోబెట్టి 911కు ఫోన్ చేయాలి.

ఎక్కువమందికి తగిలేది మాత్రం టిక్, అంటే మన పశువులకు పట్టే పిడుదు లాంటిదే. పెద్దవి చలికాలంలో బాట పక్క గడ్డి కొసల మీద కాచుకుని ఉంటాయి. వసంతంలో వచ్చే పిల్ల పిడుదులు గసగసాల గింజంత, రాలిన ఆకుల్లో, పడిపోయిన దుంగల మీద ఉంటాయి. పిల్లలు కూర్చునేది ఆ దుంగల మీదే, చాప వేసుకోండి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి. అగ్గిపుల్ల కాల్చి పెట్టడం, వాజెలిన్ రాయడం పనికిరావు.

ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక, జుట్టు కుదుళ్లలో వేళ్లతో తడిమి చూడండి. పొడి బట్టలను ముందు డ్రైయర్‌లో ఎక్కువ వేడిలో పది నిమిషాలు తిప్పితే పిడుదులు చస్తాయి. పాయిజన్ ఓక్ తగిలిన అనుమానముంటే మాత్రం డ్రైయర్ కాదు, ఆ బట్టలను విడిగా వేడినీళ్లు, సబ్బుతో ఉతకాలి. బూట్లు గుమ్మం బయటే వదిలి, లేసులు తీసి కడగండి.