మూత్రంలో ప్రొటీన్ లేదు, అయినా కిడ్నీ పాడవుతోంది

కిడ్నీ జబ్బు ఉందేమోనని ఊళ్లో చేసే మొదటి పరీక్ష మూత్రంలో స్ట్రిప్ ముంచడం. ప్రొటీన్ పోతుంటే పసుపు గడి ఆకుపచ్చకు తిరుగుతుంది. పసుపుగానే ఉంటే ‘ఏమీ లేదు, వెళ్లిరండి’ అంటారు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బును పట్టుకోవడానికి ఇది మంచి పరీక్షే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే ప్రమాదం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల్లో పనిచేస్తూ కిడ్నీ జబ్బు పడ్డవాళ్లలో చాలామందికి షుగరు ఉండదు, బీపీ పెద్దగా పెరగదు, మూత్రంలో ప్రొటీనూ అంతగా కనిపించదు. కాళ్ల వాపు కూడా చివరిదాకా రాదు. ఆకలి చచ్చి, వాంతులు మొదలై ఆస్పత్రికి వచ్చేసరికి కిడ్నీలు ముప్పాతిక వంతు పోయి ఉంటాయి.

కారణం జబ్బు మొదలయ్యే చోటులో ఉంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్‌కూ ముందు రక్తాన్ని వడగట్టే జల్లెడ, దాని వెనక పనికొచ్చే ఉప్పునూ నీటినీ తిరిగి పీల్చుకునే సన్నని గొట్టం. షుగరు ముందు జల్లెడను చిల్లులు చేస్తుంది, అందుకే ప్రొటీన్ కారుతుంది. ఉద్దానంలో ముందు దెబ్బతినేది గొట్టాలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. అక్కడ మచ్చ కట్టి, గొట్టాలు ఎండి, కిడ్నీ చిన్నదైపోతుంది. జల్లెడ చాలాకాలం బాగానే ఉంటుంది కాబట్టి స్ట్రిప్ రంగు మారదు.

అందుకే ఇక్కడ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) చూడకుండా ఎవరినీ ఇంటికి పంపకూడదు. ఆ అంకెను చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. రిపోర్టులో 1.2 (డెసిలీటరుకు మి.గ్రా.) అని ఉంటే చాలామంది ‘నార్మలే’ అనుకుంటారు. 25 ఏళ్ల మగవాడికి 1.2 అంటే, క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది చూసి లెక్కగట్టే 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రం ప్రకారం కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 86 మి.లీ. అదే 1.2 అరవై ఏళ్ల ఆడమనిషికి వస్తే సుమారు 52. అరవైకి దిగువన మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. క్రియాటినిన్ కండరం నుంచి వస్తుంది. బక్కపలచని కూలీ మనిషికి కండ తక్కువ కనుక అసలు వడపోత లెక్క చెప్పినదానికన్నా ఇంకా తక్కువ ఉండవచ్చు. అనుమానం ఉన్నచోట సిస్టాటిన్-సి అనే మరో రక్తపరీక్ష కండతో పెద్దగా సంబంధం లేకుండా సంగతి తేలుస్తుంది. ఇక రోజంతా ఎండలో పనిచేసి సాయంత్రం రక్తమిచ్చినా, ముందురోజు రాత్రి మాంసం దండిగా తిన్నా అంకె పైకి పోతుంది. ఉదయం పూట, నీళ్లు తాగి, పనికి పోకముందు ఇవ్వాలి. మూడు నెలలకు మళ్లీ చేయాలి.

మందుల పరిశోధన కూడా ఈ ప్రొటీన్ దగ్గరే చిక్కుకుంది. 2020లో వచ్చిన డాపా-సీకేడీ అనే మందు పరీక్షలో 4,304 మంది మీద డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందును రోజుకు 10 మి.గ్రా. చొప్పున చూశారు. వడపోత బాగా పడిపోవడం, డయాలిసిస్ దాకా పోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం, వీటన్నిటి ముప్పు కలిపి 39 శాతం తగ్గింది. చాలా గొప్ప ఫలితం. కానీ అందులో చేరాలంటే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ గ్రాము క్రియాటినిన్‌కు కనీసం 200 మి.గ్రా. ఉండాలి. ఉద్దానం రోగుల్లో చాలామందికి ఆ గేటు దగ్గరే ప్రవేశం లేదు. అదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 2022లో వచ్చిన ఎంపా-కిడ్నీ పరీక్షలో మాత్రం వడపోత 20-45 మధ్య ఉంటే ఆల్బుమిన్ ఎంతున్నా తీసుకున్నారు. 6,609 మందిలో మొత్తం మీద ముప్పు 28 శాతం తగ్గింది. ఆల్బుమిన్ తక్కువున్న వాళ్లలో ఆ తేడా స్పష్టంగా తేలలేదు గాని, ఏటేటా వడపోత తగ్గే వేగం మాత్రం నెమ్మదించింది. ఉద్దానం లాంటి ప్రాంతాలకు అంతకన్నా దగ్గరి సాక్ష్యం ఇప్పటికి లేదు. ఇక్కడి మనుషుల మీదే ఒక పరీక్ష జరగాలన్నది మా గట్టి అభిప్రాయం. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో ముగిసింది, ఖరీదు అడ్డు కాదు. ఒక జాగ్రత్త: మందు మొదలుపెట్టిన వారాల్లో వడపోత కాస్త తగ్గుతుంది, అది చూసి బెదిరి ఆపేయకూడదు. వాంతులు, విరేచనాలు, ఉపవాసం ఉన్న రోజుల్లో మాత్రం ఆపాలి.

అసలు కారణం ఇంకా తేలలేదు. బోరునీటిలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ అన్నిటినీ అనుమానించారు, ఏదీ ఒక్కటే దోషిగా రుజువు కాలేదు. నికరాగ్వా చెరకు కోత కూలీలకు పని మధ్య నీడలో ఎక్కువ విశ్రాంతి, నీళ్లు ఇచ్చిన చోట కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. కారణం ఏదైనా దానికి ఆజ్యం పోసేది మాత్రం తెలుసు: ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర తీసుకునే డైక్లోఫెనాక్. నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తనాళాన్ని ప్రోస్టాగ్లాండిన్‌లు అనే ఒంట్లోని రసాయనాలతో తెరిచి ఉంచుకుంటుంది. ఆ మాత్ర వాటినే ఆపేస్తుంది. చెమటోడ్చిన రోజున అదే మాత్ర రెండింతల దెబ్బ. నొప్పి ఓర్వలేనిదైతే పారాసెటమాల్ వాడాలి.

కొబ్బరి సీమ కాబట్టి ఇదీ చెప్పాలి. కిడ్నీ బాగున్నవాడికి ఎండలో బొండం మంచిదే. వడపోత 30కి దిగువన ఉన్నవాడికి కాదు. ఒక బొండంలోనే పొటాషియం 500 మి.గ్రా. దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. బయటికి పంపలేని పొటాషియం రక్తంలో పేరుకుంటే, ముందు హెచ్చరిక లేకుండానే గుండె ఆగిపోవచ్చు.